చేతి వాసన

సంగటి కెలికేది నేను. ముద్ద చేసేది నా కూతురు. రాగులు విసిరేది, కట్టెలు తెచ్చేది, ఎసరు పెట్టేది, పొగకు కళ్ళు నీళ్ళు కారుతున్నా ఉండలు కట్టకుండా కెలికేది, అంతా ఈ చేతులే. తీరా చేతులు తడుపుకొని ముద్ద తిప్పి కంచంలో వేసే ఘడియ వచ్చేసరికి ఇవి పనికిరావు. తొమ్మిదేళ్ళ కృపమణి వచ్చి కూర్చోవాలి.

"నీ చేతి ముద్ద నాకొద్దే. కక్కసు వాసన వస్తాండాది" అన్నాడు నా మొగుడు లేవి, నేను మునిసిపాలిటీ షెడ్డులో చేరిన వారానికే. చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది ఆయనే. గోడలు కట్టే బేల్దారి పని దొరికిన రోజు చేస్తాడు, దొరకని రోజు అరుగెక్కి లోకం సంగతులు మాట్లాడతాడు.

అది కక్కసు వాసన కాదు, కక్కసు వాసనను చంపే మందు. షెడ్డులో పెద్ద ఇనుప బానలో గుగ్గిలం, కాస్టిక్ సోడా ఉడికించి, నల్ల నూనె పోసి ఫినాయిల్ కలుపుతాం. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి ఆ బాన చల్లారింది లేదు. డేరాల్లో పెట్టిన ఆఫీసులకు, ఆసుపత్రికి, అధికారుల బంగళాలకు డబ్బాలకు డబ్బాలు బండ్లెక్కి పోతాయి. మా పేట కాలువకు చుక్క రాదు. పోయిన ఎండాకాలం వాంతులూ బేదులూ పట్టుకొని మా వీధిలో మనుషులు పోతే మేస్త్రీ మారెన్నను అడిగాను. "మీ పేటకు ఇయ్యమని పైనుంచి చెప్పలేదమ్మా, నన్నేం చేయమంటావు?" అన్నాడు. కలిపేవాళ్ళకు వాసన, కూర్చున్నవాళ్ళకు శుభ్రం. బాగుంది పంపకం!

చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను, సీకాయతో చర్మం లేచేదాకా తోమాను. పోదు. పని మానేస్తానంటే లేవి ఒప్పుకోడు. "మానితే ఏం తింటాం, మన్ను తింటామా?" అంటాడు. కూలి మాత్రం ఈ చేతుల్లోంచే తీసుకుంటాడు. అప్పుడు ముక్కు మూసుకోగా నేను చూడలేదు.

అత్తకు చేతులు వణుకుతాయి, వేడి ముద్ద తిప్పలేదు. అందుకని మిషన్ బడిలో మూడో తరగతి చదువుతున్న పిల్లను మానిపించాడు. "మద్యాన్నం ముద్ద చేసేదానికి ఇంట్లో ఒక చెయ్యి ఉండల్ల గదా" అన్నాడు.

"నీ చేతులు బాగనే ఉండాయి గదా, నువ్వే చేసుకో" అన్నాను.

తల్లీ కొడుకూ పడీ పడీ నవ్వారు. నేనేదో మంచి హాస్యమాడాననుకున్నారు.

కృపమణి ఏడవలేదు. పలక తీసి గూట్లో పెట్టింది. మధ్యాహ్నం నేను షెడ్డునుంచి పరుగున వచ్చి సంగటి కెలుకుతుంటే పక్కన కూర్చొని పొయ్యి బూడిదలో వేలితో అక్షరాలు దిద్దేది. వేడికి అరచేతులు ఎర్రగా కందిపోయేవి. మా అమ్మ బడి గడప తొక్కలేదు, నేనూ తొక్కలేదు. ఇదొక్కతైనా ఈ పొయ్యి దగ్గరనుంచి లేస్తే నాకంతే చాలు.

అప్పుడు తోచింది. నా ముద్ద వద్దన్నది వాసనకే కదా. పిల్ల చేతులకూ అదే వాసన ఉంటే?

మర్నాడు కొంగు చివర ఫినాయిల్లో తడుపుకొని వచ్చాను. ముంతెడు నీళ్ళలో పిండితే నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. "చేతులు ముంచు తల్లీ."

"ఎందుకుమా?"

"బడికి పోతావా, పోవా?"

టక్కున ముంచింది.

లేవి వచ్చి కూర్చున్నాడు. పిల్ల ఖాళీ కంచం, నీళ్ళ చెంబు తెచ్చి ముందు పెట్టింది. ఆయన ముక్కు ఎగబీల్చాడు. పిల్ల చెయ్యి పట్టుకొని వాసన చూశాడు. "యేందే ఇది, దీనికీ అంటుకునిందే!" అని కంచం నెట్టేశాడు.

"నా కడుపున పుట్టింది గదా, అంటుకోదా?" అన్నాను. లోపల దేవునికి స్తోత్రం చెప్పుకుంటున్నాను. రేపు పొద్దున పలక కడిగివ్వాలి, జడ వెయ్యాలి అనుకుంటున్నాను.

అత్త లేచి వచ్చి, వణికే చేతులతోనే గరిటెతో సంగటి తీసి కంచంలో పెట్టింది. ముద్ద లేదు, గుండ్రం లేదు. లేవి దాన్నే తినేశాడు. గరిటెతో పెడితే తినేవాడే! ఇన్నాళ్ళూ నా బిడ్డ బడి ఎందుకు పోయినట్టు?

చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. "వాసన ఎట్లాగూ పట్టనే పట్టె. ఇంగ ఇది ఇంట్లో ఏం పనికొస్తాది? రేపట్నుంచి నీ యెంట షెడ్డుకు తోలుకపో. మారెన్నతో నేను మాట్లాడతా."

తెల్లవారి ఇద్దరం బయల్దేరాం. మిషన్ బడి మలుపు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. కృపమణి ఆగలేదు. రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకొని వెనక్కి తిరిగింది.

"మా, నా చేతులు గూడా నీ చేతుల మాదిరే వాసనొస్తాండాయి" అంది.

సంతోషంగానే అంది.