ఢిల్లీ గుర్తించిన జెండా

నేనొక పళ్ళ డాక్టరు కుర్చీని. నా మీద కూర్చున్నవాళ్ళెవరూ మళ్ళీ నన్ను ఇష్టంగా తలుచుకుని ఉండరు. అందుకు నాకు బాధేమీ లేదు. నా కోపమంతా వేరే సంగతి మీద. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు.

కలకత్తాలో చీనా వడ్రంగులు పనిచేసే ఒక సందులో నన్ను తయారు చేశారు. టేకు చట్రం, ఇనప కాళ్ళు, తోలు దిండ్లు. కింద మీట తొక్కితే పైకి లేస్తాను. చీనాలోని హూబే నుంచి వచ్చి ఆ ఊళ్ళోనే పళ్ళ పని నేర్చుకున్న చెన్ యుంగ్‌ఫా నన్ను కొని, రైల్లో వేసుకుని, కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్నంలో దిగాడు. అక్కడివాళ్ళు ఆయన్ని ‘చీనా డాక్టరు’ అన్నారు. మిషను ఆసుపత్రిలో నర్సుగా ఉన్న సలోమిని పెళ్ళి చేసుకున్నాక తెలుగు బాగా పట్టుబడింది. పన్ను పీకేముందు మీ ఇంట్లో గోంగూర ఎట్లా నూరతారని అడిగేవాడు. చెప్పడానికి వాళ్ళు నోరు తెరిచేసరికి పని అయిపోయేది.

దుకాణం గోడ మీద మన మూడు రంగుల జెండా పక్కన, సూర్యుడి బొమ్మ ఉన్న ఆయన దేశపు జెండా కట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

పంతొమ్మిది వందల యాభై మొదట్లో ఒక పొద్దున ప్లీడరు వెంపరాల జగ్గారావు గారు దవడ వాపుతో వచ్చి, నా మీద కూర్చునే పేపరు చదివి వినిపించారు. పెకింగులో కమ్యూనిస్టులు పెట్టిన కొత్త ప్రభుత్వాన్ని భారతదేశం గుర్తించింది. పెద్ద దేశాలు కొన్ని ససేమిరా అంటుంటే మనవాళ్ళు ధైర్యంగా ముందడుగు వేశారని ఆయన సంబరపడ్డారు. చెన్ చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

“నా పాస్‌పోర్టు పాత ప్రభుత్వం ఇచ్చింది. మరి నేనిప్పుడు ఎవరి మనిషినండీ?” అన్నాడు.

కలకత్తాలో మీ దేశపు కాన్సలు ఆఫీసులో కనుక్కోమన్నారు ప్లీడరు గారు. చెన్ కలకత్తా వెళ్ళి చూస్తే పాత కాన్సలు ఆఫీసు గేటుకు తాళం. తిరిగొచ్చేసరికి ఠాణా నుంచి ఒక కానిస్టేబులు వచ్చి, గోడ మీద ఉన్నది సర్కారు గుర్తించని జెండా, తీసెయ్యమన్నాడు. చెన్ తీసేశాడు. అయితే ఏది కట్టాలని అడిగితే, గుర్తించిందేదో అది కట్టుకోమని ఆ కానిస్టేబులే చెప్పి పోయాడు.

సలోమి బజారుకెళ్ళి ఎర్రగుడ్డ తెచ్చింది. పేపర్లో పడ్డ బొమ్మ చూసి అయిదు పసుపు నక్షత్రాలు కత్తిరించి, నా పక్కనే నేల మీద కూర్చుని కుట్టింది. చెన్ దాన్ని గోడకు కట్టాడు. ఢిల్లీ దేన్ని గుర్తించిందో దాన్నే కట్టాడు.

ఆ రోజుల్లో మా జిల్లాలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం. పోలీసులు పొలాల వెంట, ఇళ్ళ వెంట కామ్రేడ్ల కోసం వెతుకుతున్నారు. ఎర్రజెండా ఉందని ఎవరు చెప్పారో, ఇన్‌స్పెక్టరు మనుషులతో దిగాడు. వచ్చీ రాగానే జెండా పీకేశారు. కరపత్రాలు దాచారేమోనని నా దిండ్లు కత్తితో కోశారు. లోపలి కొబ్బరి పీచు గదంతా పరిచారు. ఇంతమంది వీపులు మోసిన నన్ను దొంగసామాను చూసినట్టు చూశారు.

జగ్గారావు గారు పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇది పార్టీ జెండా కాదు, మన ప్రభుత్వం గుర్తించిన దేశపు జెండా అని వివరించబోయారు. ఇన్‌స్పెక్టరు పేపరు వైపు కూడా చూడలేదు.

“ఢిల్లీ వాళ్ళు గుర్తిస్తే ఢిల్లీలో కట్టుకోమనండి” అన్నాడు.

చెన్‌ని తీసుకుపోయారు. సలోమి రోజూ ఠాణా ముందు నిలబడింది. ప్లీడరు గారు కలెక్టరు దాకా వెళితే చివరికి వదిలారు. పొరపాటు జరిగిందట! ఏ కామ్రేడు పన్ను పీకావో చెప్పమంటూ ఆ పొరపాటు చేస్తూ చేస్తూ లాఠీతో ఆయన కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టారు. వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. పటకారు పట్టుకుంటే జారిపోయేది. రెండు రాజధానులు ఒకదాన్నొకటి గుర్తించి టీ తాగుతుంటే, మధ్యలో ఒక పళ్ళ డాక్టరు చెయ్యి పోయింది. ఇది ఏ పేపర్లోనూ రాలేదు.

సలోమి కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత నా దిండ్లు తనే కుట్టి, ఆసుపత్రి ఉద్యోగం మానేసి పటకారు అందుకుంది. చెన్ పక్కన నిలబడి ఎటు తిప్పాలో, ఎప్పుడు లాగాలో చెప్పేవాడు. మొదట్లో భయపడ్డ జనం తర్వాత ఆమెనే డాక్టరమ్మా అన్నారు.

నాలుగైదేళ్ళకు కాలం తిరిగింది. ఇండియా, చీనా అన్నదమ్ములన్నారు. స్నేహ సభ అంటూ మా వీధి పొడవునా మునిసిపాలిటీ వాళ్ళు కట్టినవి అవే అయిదు నక్షత్రాల ఎర్రజెండాలు. వాటికి కాపలా పెట్టింది పోలీసుల్నే. ఆ బందోబస్తుకు వచ్చిన పెద్ద అధికారి పంటినొప్పి తట్టుకోలేక మా దుకాణంలోకి వచ్చి నా మీద కూలబడ్డాడు. ఆ ఇన్‌స్పెక్టరే. ఇప్పుడు భుజం మీద ఇంకో హోదా. కీళ్ళు ఊడినా సరే, వెనక్కి విరుచుకుపడదామనిపించింది నాకు.

అతను దవడ పట్టుకుని, మూలనున్న చెన్‌ని చూసి, “ఈయనెవరు?” అని అడిగాడు. మాటలో దాపరికం లేదు. నిజంగానే గుర్తుపట్టలేదు.

సలోమి చేతిలో పటకారు ఆగింది. “మా ఇంటాయన. మీరే గదండీ ఆ వేళ్ళు విరగ్గొట్టించింది,” అంది.

అతని మొహం పాలిపోయింది. లేవబోయాడు గానీ నొప్పి లేవనివ్వలేదు. చెన్ దగ్గరికొచ్చి అతని నోట్లోకి తొంగి చూశాడు.

“చీము పట్టింది. మత్తు ఎక్కువ ఇవ్వు సలోమీ, నొప్పి తెలీకూడదు.”

ఆమె ఇచ్చింది. పన్ను శుభ్రంగా వచ్చేసింది. అతను రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఫీజు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చెన్‌ని ఆ దయ చూపినందుకు నేను క్షమించలేకపోయాను. సలోమికీ ఆ పూట ఆయన మీద కోపం పోలేదు.

వాళ్ళిద్దరూ పోయారు. నేను ఇప్పుడు ఒక పాత ఇనప సామాన్ల కొట్టు వెనక ఎండకు ఎండుతున్నాను. ఎవరో నా కాళ్ళు విప్పి తూకం వేస్తారు. వెయ్యనివ్వండి. అందాకా అడుగుతూనే ఉంటాను: చెన్‌కి క్షమాపణ చెప్పవలసినవాళ్ళు ఎవరు, ఎందుకు చెప్పలేదు?