ఆయనకి పడని మాట

పొద్దున్నే టీ కప్పులు బల్ల మీద పెట్టి టీచరు లిఫ్టు మెకానిక్ అయిన తన భర్తని ప్రశ్నలడుగుతుంది. రోజూ ఇదే వరస. బడిలో పిల్లల్ని అడిగే గొంతుతోనే అడుగుతుంది. ఇంటికోసం వేరే గొంతు ఆమె పెట్టుకోలేదు.

"మా నాన్న ఏం పని చేసేవాడు?"

"పోస్టుమాను."

"మన పెళ్ళిలో కుర్చీ విరిగి పడిందెవరు?"

"మీ బాబాయి."

"పెద్ద గిన్నె ఏ అరలో ఉంటుంది?"

మెకానిక్ వంటింటి వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. "తెలీదు" అన్నాడు.

"మొన్నటిదాకా తెలుసుగా. ఎవరన్నారు?"

"నిన్న ఆ మూడో అంతస్తు ఆవిడ. లిఫ్టు సందులో పిల్లి ఇరుక్కుంటే తీసిచ్చాను. ఇంటికెళ్ళి గిన్నె దింపాలి అనుకుంటూనే ఉన్నాను, ఈలోగా అనేసింది. పాపం, సంతోషంలో అంది."

టీచరు లేచి అర చూపించింది. ఆయన మళ్ళీ నేర్చుకున్నాడు. ఇది చిన్న నష్టమే. పోయినేడు ఎవరో అంటే సైకిలు తొక్కడం పోయింది. అది తిరిగొచ్చేసరికి మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి.

కొందరికి గుడ్డు పడదు, కొందరికి దుమ్ము పడదు. ఈ లిఫ్టు మెకానిక్‌కి నైస్ అన్న మాట పడదు. ఎవరైనా ఆయన్ని పట్టుకుని నైస్ అంటే, ఆయనకి తెలిసినవాటిలో ఒకటి, ఆ నిమిషానికి మనసులో మెదులుతున్నదేదో అది, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతుంది. మంచివాడివి అంటే ఏమీ కాదు, రోజంతా అనుకోవచ్చు. డాక్టరు నాలుక చాపించి చూసి, పడనివాటికి దూరంగా ఉండమని చెప్పి పంపించాడు. రాసిపెట్టుకుంటే సరిపోదా అని మీరడగొచ్చు. అదీ చూశారు. పోయిన సంగతి కాగితం మీద కనబడినా ఆయనకి తలాతోకా తెలియదు. కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుని, మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే.

టీచరు చెప్పేది ఇంగ్లీషు కాబట్టి ఆ మాట సంగతి ఆమెకి బాగా తెలుసు. అది లాటిన్‌లో పుట్టినప్పుడు దాని అర్థం ఏమీ తెలియనివాడు అని. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి, కొన్నాళ్ళు తెలివితక్కువవాడిగా బతికింది. ఆ తర్వాత ప్రతిదానికీ వంకలుపెట్టే సుకుమారిగా, ఆ తర్వాత వెంట్రుకవాసి తేడా పట్టేవాడిగా వేషాలు మార్చి, చివరికి అందరికీ నచ్చే మనిషిగా స్థిరపడింది. "మొదటి బుద్ధి ఎక్కడికి పోతుంది?" అంటుంది టీచరు. "నలుగురికీ నచ్చాలంటే తెలిసింది మింగెయ్యాలి. మింగేవాళ్ళనే కదా ఆ మాటతో మెచ్చుకునేది." ఆమెని మాత్రం ఇంతవరకూ ఎవరూ నైస్ అనలేదు. బడిలో ఆమె పేరు ఇసుక కాగితం.

ఇబ్బందంతా ఎక్కడుందంటే, మెకానిక్‌కి కాదు అనడం రాదు. పక్కవాళ్ళ కుళాయి, ఎదురింటి ఫ్యాను, ఎవరిదో తాళం, ఏదడిగినా 'సరే' అంటాడు. చేసిపెట్టాక వాళ్ళ నోటికి ఆ మాటే వస్తుంది, నాలిక కరుచుకుంటారు, అప్పటికే ఏదో ఒకటి పోయుంటుంది.

ఆ రోజు ఆయన వెళ్ళాల్సింది కొత్తగా తెరుస్తున్న ఏడంతస్తుల బట్టల షాపుకి. బిల్డింగు పాతదే, రంగు కొత్తది. లిఫ్టు కూడా పాతదే, చుట్టూ కొత్త అద్దాలు బిగించారు. ఓనరు వాళ్ళమ్మ చక్రాల కుర్చీలో వచ్చి రిబ్బను కత్తిరించి, ముగ్గురు మనవలతో, కొడుకుతో, కోడలితో ఆ అద్దాల లిఫ్టులో ఏడో అంతస్తుకి వెళ్ళాలి. అది అయ్యాకే షాపు తెరిచినట్టు.

మెకానిక్ మెట్లెక్కి డాబా మీద మోటారు గదిలోకి వెళ్ళి, అన్నీ విప్పి చూసి, మెట్లు దిగి వచ్చాడు. వచ్చేటప్పటికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. లిఫ్టు నడిపే తాళంచెవి గోడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

"సార్, ఇవాళ లిఫ్టు వద్దు."

ఓనరు పూలదండ సరిచేస్తున్నాడు. "వద్దంటే?"

"బ్రేకు అరిగిపోయింది. ఖాళీగా ఉంటే నిలబడుతుంది, మనుషులు నిండితే పైన ఆగదు, జారిపోతుంది. జారితే పట్టుకోవాల్సిన కొక్కేలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి."

"నిన్న నేను ఎక్కాను కదయ్యా. జారానా?"

"మీరొక్కరే ఎక్కారు సార్."

"రేపు మార్పిద్దాం. ఇవాళ్టికి ఒక్కసారి పైకి, ఒక్కసారి కిందికి. అంతే."

"ఆ ఒక్కసారే చాలు సార్."

"ఎక్కేవాళ్ళలో ముగ్గురు పిల్లలయ్యా. పిల్లల బరువెంత? మా అమ్మ బరువెంత? అంతా కలిపితే ముగ్గురు మనుషులుండరు. కుర్చీ కావాలంటే చేత్తో పట్టుకుంటాను."

ఓనరు ప్రతిదానికీ ఒక జవాబు తీస్తున్నాడు. మెకానిక్ మెత్తబడుతున్నాడు. 'సరే సార్' అన్నది గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, "వద్దు సార్" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి రావడం ఆయనకే కొత్తగా ఉంది.

బయట కార్లు ఆగుతున్నాయి. ఓనరు అద్దంలోంచి చూశాడు. తర్వాత మెకానిక్ భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, చెవి దగ్గరగా అన్నాడు.

"నువ్వెంత నైస్ మనిషివయ్యా."

పొరపాటున అన్నాడని ఎవరూ అనుకోవద్దు. ఆయన విషయం ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు, ఓనరుకీ తెలుసు. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మెకానిక్ రెప్పలార్పాడు. ఏదో చెబుతున్నాడు, ఏం చెబుతున్నాడో గుర్తు లేదు. జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. వేళ్ళకి నూనె ఉంది, కాళ్ళు మెట్లెక్కినట్టు నొప్పిగా ఉన్నాయి. పైన ఏదో చూసొచ్చానని ఆయనకి అర్థమైంది.

"ఒక్క నిమిషం సార్" అని మళ్ళీ మెట్లెక్కాడు.

ఏడంతస్తులూ పరుగులాంటి నడకతో ఎక్కి, గది తెరిచి, చూశాడు. బ్రేకు! దిగుతున్నప్పుడు దుకాణానికి పంపిన పిల్లాడిలా ఆ ఒక్క మాటే నోట్లో తిప్పుకున్నాడు. బ్రేకు, బ్రేకు, బ్రేకు. మలుపు దగ్గర అద్దం తుడుస్తున్న మనిషి ఏదో అనబోతే చెవులు మూసుకుని దాటిపోయాడు. ఓనరు దగ్గరికి కాదు, అక్కడున్న అందరి మధ్యకీ వెళ్ళి గట్టిగా అరిచి చెప్పాలనుకున్నాడు.

చివరి మెట్టు దగ్గర ఓనరు వాళ్ళమ్మ చక్రాల కుర్చీ ఆగి ఉంది. కాలు పెట్టుకునే పలక ఊడి, ఆవిడ పాదం చక్రంలోకి జారుతోంది. చుట్టూ ఇంతమంది ఉన్నా ఎవరూ చూడలేదు. మెకానిక్ ఆగకుండా ఉండలేకపోయాడు. వంగి, పాదం ఎత్తి, పలక బిగించాడు. బ్రేకు, బ్రేకు అని గొణుగుతూనే ఉన్నాడు.

"దేవుడల్లే వచ్చావు నాయనా" అంది పెద్దావిడ. ఈమధ్య మనవల దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటోంది, ముచ్చటపడి ఒక ముక్క కలిపింది. "నువ్వు చాలా నైసు."

ఆవిడ ఎంత ప్రేమగా అందంటే, ఆ మాట చాలా లోతుకి వెళ్ళింది. బ్రేకు అరిగిందన్న సంగతే కాదు, బ్రేకు అనే వస్తువు ఒకటుంటుందన్నదే పోయింది. మెకానిక్ లేచి నిలబడి, తన నోరు ఇంకా ఏదో గొణుగుతోందని గమనించి, ఆపేశాడు.

రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టారు. టీచరు ఈ సంబరం చూద్దామని బడికి సెలవు పెట్టి వచ్చి జనంలో నిలబడింది. భర్త ముఖం చూడగానే ఆమెకి సంగతి తెలిసిపోయింది. ఏదో పెద్దదే పోయింది.

పిల్లలు ముగ్గురూ లిఫ్టు తలుపుకి అతుక్కుపోయి ఉన్నారు. ఓనరు చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇవ్వు."

"ఇవ్వను సార్."

"ఎందుకివ్వవు?"

"తెలీదు."

ఎవరో నవ్వారు. ఓనరు కూడా నవ్వాడు, జనానికి కనబడేలాగ. "లిఫ్టుకి ఏమైంది? అందరిముందూ చెప్పు. మోటారు పాడైందా?"

"తెలీదు సార్."

"తాళ్ళు తెగాయా?"

"తెలీదు."

"ఏమీ తెలియనివాడివి, ఎలా ఆపుతావయ్యా?"

"ఏమీ తెలీదు సార్. కానీ ఇవ్వను."

తెలిసినది పోతుంది గానీ, పట్టిన పట్టు పోదు కాబోలు. పొద్దున ఆయన దగ్గర కారణాలున్నాయి, ఓనరు ఒక్కొక్కదాన్నీ కొట్టిపారేశాడు. ఇంకో రెండు మాటలైతే ఆయన లొంగిపోయేవాడే. ఇప్పుడు కొట్టిపారెయ్యడానికి అక్కడ ఏమీ లేదు. ఓనరు ఎన్ని జవాబులు తీసినా, ఆయన దగ్గర ప్రశ్న లేదు. మూసిన గుప్పిట ఒకటే ఉంది.

పెద్దావిడ చిన్నబుచ్చుకుంది. "ఏడో అంతస్తు నుంచి ఊరంతా కనబడుతుందన్నారు నాయనా. మెట్లెక్కలేను కదా నేను. ఒక్కసారి తీసుకెళ్ళవూ?"

అది అన్నిటికన్నా కష్టమైంది. అడిగినవాళ్ళకి కాదనడం ఆయన జన్మలో లేదు, అందులోనూ ముసలిప్రాణం. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "క్షమించండమ్మా" అన్నాడు. గుప్పిట ఇంకా బిగించాడు.

ఓనరు ముఖం నల్లబడింది. "ఇవాళ్టితో నీకు ఈ ఊళ్ళో పని ఉండదు. ఏ బిల్డింగు గుమ్మమూ తొక్కనివ్వను." తర్వాత గొంతు మార్చి, తియ్యగా, మళ్ళీ భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. "చూడు, నువ్వు అసలు ఎంత నై..."

"నోరు ముయ్యండి!"

తరగతి గదులు నాలుగింటిని ఒకేసారి నోరు మూయించిన గొంతు అది. టీచరు జనాన్ని తోసుకుంటూ వచ్చి భర్త పక్కన నిలబడింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన కాదు అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"మీ లిఫ్టు అంత బాగుంటే, ముందు మీ బట్టల మూటలు ఎక్కించండి. మీ ఆరుగురి బరువూ చూసి ఎక్కించండి. అది పైకెళ్ళి కాసేపు నిలబడితే నేనే తాళంచెవి లాక్కుని ఇస్తాను." భర్త వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమండీ, మనుషులెవరూ ఎక్కరు. తిప్పుతారా?"

మెకానిక్ ఆలోచించాడు. "మనుషులు లేకపోతే తిప్పుతాను" అన్నాడు.

జనం చూస్తున్నారు, ఓనరుకి తప్పలేదు. కుర్రాళ్ళు దుప్పట్ల మూటలు మోసుకొచ్చి లిఫ్టు నింపారు. మెకానిక్ పిల్లల్ని ముగ్గుర్నీ చెయ్యి పట్టుకుని దూరంగా నిలబెట్టి, పెద్దావిడ కుర్చీ వెనక్కి లాగి, అప్పుడు తాళంచెవి తిప్పాడు.

అద్దాల పెట్టె బరువుగా లేచింది. తలుపు పైన ఎర్ర అంకెలు ఒకటొకటే మారాయి. నాలుగు. అయిదు. ఆరు. ఏడు దగ్గర ఆగింది. ఓనరు గట్టిగా ఊపిరి వదిలి, "చూశారా" అన్నాడు.

అంకె ఏడు మీదే ఉంది. టీచరు దానివైపే చూస్తోంది. ఎవరూ మీట నొక్కలేదు. ఏడు ఆరైంది.

"ఎవరది నొక్కింది?" అన్నాడు ఓనరు. ఆరు అయిదైంది, ఆ తర్వాత అంకెలు చదవడానికి అందలేదు. పైనుంచి ఒక కీచు శబ్దం దిగుతూ వచ్చి, నేలంతా అదిరింది. అద్దాలు పగిలి గుంటలోకి రాలాయి. తలుపు సందులోంచి దుమ్ము, చిరిగిన దుప్పటి పీలికలు బయటికొచ్చి పెద్దావిడ ఒళ్ళో పడ్డాయి.

పిల్లల్లో చిన్నది ఏడుపందుకుంది. కోడలు ముగ్గుర్నీ ఒళ్ళోకి లాక్కుంది. ఓనరు తల్లి కుర్చీ పక్కన కూలబడి ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. పెద్దావిడ వాడి తల మీద చెయ్యి వేసింది.

ఈ గొడవలో మెకానిక్ ఎప్పుడు మెట్లెక్కాడో ఎవరూ చూడలేదు. చాలాసేపటికి దిగి వచ్చాడు. చేతిలో నల్లగా, గోరంత మందం కూడా లేని ముక్క ఒకటి ఉంది. కోపంతో ముఖం ఎర్రబడి ఉంది. ఆయన్ని అంత కోపంలో ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"దీన్నేమంటారో నాకు తెలీదు" అన్నాడు ఆ ముక్క అందరికీ చూపిస్తూ. "కానీ పైనున్న చక్రాన్ని పట్టుకోవాల్సింది ఇదే. చూస్తేనే తెలుస్తోంది. ఇలా అరిగిపోతే ఏం పట్టుకుంటుంది? పసిపిల్లలున్నారు, ముసలావిడ ఉంది! లిఫ్టు నడిపేముందు ఒక్క మనిషి పైకెళ్ళి చూడలేదా?"

ఓనరు తలెత్తలేదు.

"చూశాడండీ ఒకాయన" అంది టీచరు.

"చూసి నోరు మూసుకుని ఊరుకున్నాడా?"

టీచరు ఆ నూనె చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. బడిలో గానీ ఇంట్లో గానీ ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో, ఏడుస్తూ చెప్పింది.

"లేదండీ. ఊరుకోలేదు."