ముందు బండి

పెట్రోలు బంకు రేకుల కింద వాన ఆగేదాకా నిలబడిన నలుగురు, వాన ఆగాక కూడా చాలాసేపు అక్కడే మాట్లాడుకుంటూ ఉండిపోయారు. వాళ్ళ స్నేహం అలా మొదలైంది.

నలుగురిలో పెద్దది సుమతి. యాభై రెండేళ్ళు. హిందూపురం బజారులో ఆమె భర్తకు బట్టల అంగడి ఉంది. రెండేళ్ళ కిందట ఆమె తన కోసమని మోటార్ సైకిల్ కొనుక్కున్నప్పుడు బజారంతా వింతగా చూసింది. తర్వాత వాళ్ళకే అలవాటైపోయింది. ఆదివారాలు ఒక్కతే లేపాక్షి దాకానో, సోమందేపల్లి దాకానో పోయి వచ్చేది. ఆ రోజు ఇంకొంచెం దూరం పోయి, పెనుకొండ దగ్గర వానకు చిక్కుకుంది.

మిగతా ముగ్గురూ అలా చిక్కుకున్నవాళ్ళే. వీరేష్‌ది రొద్దం. ముప్పై ఏళ్ళుంటాయి. సేద్యం చేస్తూ, చుట్టుపక్కల బోరు మోటార్లు బాగుచేస్తుంటాడు. యమున హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ప్రేమ్ కుమార్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు, అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది. బండ్ల గురించి మొదలైన మాటలు ఊళ్ళ మీదికి, ఇండ్ల మీదికి మళ్ళాయి. విడిపోయే ముందు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు.

"యాడికన్నా కలిసి పోదామా?" అని వారం తిరక్కుండానే గ్రూపులో అడిగింది యమున.

"ధర్మవరం పోదాం. ఆ దోవ నాకు బాగా తెలుసు," అని రాసింది సుమతి.

"అయితే నువ్వే ముందర ఉండక్కా. మేము నీ ఎనక వస్తాం," అన్నాడు వీరేష్.

ఆ మాటను సుమతి రెండుసార్లు చదువుకుంది. ఇంట్లో గానీ, అంగట్లో గానీ, ఇంతవరకూ ఎవరూ ఆమెను ముందుండమని అడగలేదు.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు నలుగురూ హిందూపురం బయట కలుసుకున్నారు. చలిగాలి వీస్తోంది. సుమతి రాత్రే అన్నీ ఆలోచించి పెట్టుకుంది.

"నేను ముందర. నా ఎనక ప్రేమ్, ఆ ఎనక యమున. అందరికంటే కడగా వీరేష్. ఎవురూ ఎవుర్నీ దాటద్దండి. నేను అద్దంలో చూసుకుంటా ఉంటా," అంది.

ప్రేమ్ కుమార్ తలాడించి, బిగించిన హెల్మెట్ పట్టీనే మళ్ళీ బిగించుకున్నాడు.

పెనుకొండ దాకా ప్రయాణం చక్కగా సాగింది. సుమతి గుంత కనిపిస్తే ఎడమ చేయి కిందికి చూపించేది. ఆ చేయిని ప్రేమ్, అతని చేయిని యమున, వరసగా వీరేష్ దాకా అందుకునేవారు. అద్దంలో మూడు దీపాలు ఒకదాని వెనక ఒకటి కదలకుండా వస్తుంటే ఆమెకు ఏదో కొత్త ధైర్యం వచ్చింది. పెనుకొండలో కొండ కింద ఒక చిన్న హోటలు ముందు బండ్లు ఆపి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు.

"నీకు బండి ఎవురు నేర్పిచ్చిరక్కా?" అని అడిగింది యమున.

"మా నాయన," అంది సుమతి.

"ఆ కాలంలోనా?"

"ఆ కాలంలోనే."

ఆమె నాయన పాండురంగయ్య హిందూపురంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాడు. ధర్మవరంలో తిమ్మప్ప అనే నేతగాడి ఇంటి నుంచి చీరలు తెచ్చేవాడు. పదిహేను రోజులకొకసారి తన రాజ్‌దూత్ బండి మీద పోయి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. సుమతికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఉమ్మడి ఇంట్లో పెదనాయన పిల్లల మధ్య బిక్కముఖం వేసుకుని కూర్చున్న కూతుర్ని చూడలేక, బడి లేని రోజుల్లో పాండురంగయ్య ఆమెను కూడా బండెక్కించుకుని తీసుకుపోయేవాడు. పోయేటప్పుడు ఖాళీ సంచి, వచ్చేటప్పుడు చీరల మూట ఇద్దరి మధ్యా ఉండేవి. కొత్త పట్టుకుండే వాసన దోవ పొడుగునా ఆమె ముక్కుకు తగులుతూ వచ్చేది.

ఇదంతా చెబుతుంటే టీ చల్లారిపోయింది. వీరేష్ ఇంకో టీ తెప్పించి ఆమె ముందు పెట్టాడు.

పెనుకొండ దాటాక హైవే మీద కార్ల ఫ్యాక్టరీ బస్సులు, పెద్ద లారీలు ఎక్కువ. సుమతి జాగ్రత్తగా ఎడమ అంచునే పోయింది. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే వదిలి ధర్మవరం దోవలోకి తిరగగానే రద్దీ ఒక్కసారిగా తగ్గింది. అక్కడే ఆమె మనసు ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

రోడ్డు వెడల్పయింది. చింతచెట్లు లేవు. కానీ దూరాన గుట్టలు అప్పటివే. వేరుశనగ పీకిన చేలలో ఎర్రమట్టి అప్పటిదే. ఆమెకు పదహారేళ్ళప్పుడు ఒక పొద్దున, సరిగ్గా ఈ దోవలోకి తిరగగానే, నాయన బండి ఆపి దిగాడు. "నువ్వు తోలు," అని హ్యాండిల్ ఆమెకిచ్చి వెనక కూర్చున్నాడు. అప్పటికి నెల రోజులుగా ఊరి బయట బయల్లో నేర్పిస్తున్నాడు గానీ, రోడ్డు మీద ఇవ్వడం అదే మొదలు. పక్కనించి బస్సు పోతే ఆమె బండిని మట్టి అంచు మీదికి దించేసింది. నాయన మాత్రం, "గేరు మార్చు," అని తప్ప మరో మాట అనలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు, పెళ్ళయ్యేదాకా, ఈ దోవ ఆమెదే.

బండి వేగం అందుకుంటున్న సంగతి సుమతి గమనించలేదు. నాయన ఇప్పుడు కూడా వెనక కూర్చున్నట్టే ఉంది. ఎన్ని మైళ్ళు పోయిందో తెలియదు. ధర్మవరం ఇంకా కొంత దూరముందనగా, రోడ్డు పక్క, వాగు నీళ్ళు కిందుగా పోయే పాత మోరీ గోడ కనిపించింది. బ్రేకు వేసి ఆగింది.

ఇక్కడే వాళ్ళు మారేవాళ్ళు. ఊళ్ళో జనం కంట పడకముందే నాయన ఆమెను దిగమని, తాను ముందుకెక్కేవాడు. ఆమె ఖాళీ సంచి పట్టుకుని వెనక కూర్చునేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. కూతురు బండి తోలుతోందంటే ఆయనకు నామోషీ అని తనకు తానే అనుకుంది. నాయన పోయి ఇరవై ఏళ్ళయినా ఆ మారడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈ సంగతి హోటల్లో ఆ ముగ్గురికి చెప్పలేదు.

"ఇదోండి, ఈడనే..." అంటూ వెనక్కి తిరిగింది.

వెనక ఎవరూ లేరు.

కాసేపట్లో వస్తారులే అనుకుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఒక ఆటో వచ్చింది, ఒక ట్రాక్టరు వచ్చింది. ఫోన్ చేస్తే యమున ఎత్తలేదు, వీరేష్ ఎత్తలేదు. అద్దంలో చూసుకుంటానని పొద్దున తాను చెప్పిన మాట గుర్తొచ్చింది సుమతికి. బండి తిప్పింది.

ఏడెనిమిది కిలోమీటర్లు వెనక్కి పోయాక ఒక మలుపులో గొర్రెల మంద, నిలబెట్టిన రెండు బండ్లు, పక్కకు పడిన ఒక బండి కనిపించాయి. ప్రేమ్ కుమార్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోచేయి గీరుకుపోయింది, ప్యాంటు మోకాలి దగ్గర చినిగింది. బూటు విప్పిన కాలు చీలమండ దగ్గర వాచి ఉంది. గొర్రెల కాపరి, దొడ్డమ్మ అనే ముసలామె, తన బాటిల్లోని నీళ్ళు అతని మోచేతి మీద పోస్తోంది.

"నీతో వచ్చినోడేనా ఈ పిల్లోడు?" అని సుమతిని అడిగింది దొడ్డమ్మ. "గొర్రెలు అడ్డమొస్తే ఒక్కసారిగా బ్రేకు కొట్టినాడమ్మా. గొర్రెకేమీ కాలేదు. ఈయప్ప కాలే చూడు, ఎట్ల వాచుండాదో."

"మీరు కనపడకపోయేసరికి అందుకుందామని గట్టిగా తోలినా మేడమ్," అన్నాడు ప్రేమ్ కుమార్ తల దించుకుని. "నాకు ఇంత దూరం రావడం ఇదే మొదలు. చెప్తే రావద్దంటారని చెప్పలేదు."

వీరేష్ ముఖం ఎర్రగా ఉంది. "ముందర పోయేవాళ్ళు ఎనక్కి చూసుకోవల్ల కదక్కా. మేము ఎంత హారన్ కొట్టినా నీకు ఇనపడల్యా."

"వీరేషూ," అని వారించబోయింది యమున.

"ఉండమ్మా. ఆయన చెప్పింది నిజమే," అంది సుమతి. గట్టు మీద ప్రేమ్ పక్కన కూర్చుంది. "తప్పు నీది కాదు నాయనా. నాది. నేనేదో పాత కాలంలో పోతాంటి. మీరు ముగ్గురూ నా ఎనక ఉండారనే మర్చిపోతి."

గొర్రెలు రోడ్డు దాటి చేలోకి దిగాయి.

"ఈడ్నించి నువ్వు ముందుండు వీరేషూ," అంది సుమతి లేస్తూ.

వీరేష్ పడిన బండిని లేపి చూస్తున్నాడు. క్లచ్ లివరు విరిగిపోయింది. "అదేం లేదక్కా," అన్నాడు. "దోవ తెలిసింది నీకే. ఆసుపత్రి యాడుందో నాకేం తెలుసు? ఈయన్ని నీ బండి మీద కూర్చోబెట్టుకో. ఈసారి మెల్లగా పో."

విరిగిన బండిని తన ఇంటి చావిట్లో పెట్టుకోమంది దొడ్డమ్మ. ఆమె ఇల్లు పక్క ఊళ్ళోనే. వీరేష్, యమున దాన్ని తోసుకుంటూ పోయి పెట్టి వచ్చారు. ప్రేమ్‌ను సుమతి వెనక ఎక్కించారు. అతను సంకోచంగా వెనక కడ్డీ పట్టుకున్నాడు.

"అది కాదు, నా భుజం పట్టుకో. గుంతలుండాయి," అంది సుమతి.

ఈసారి ఆమె క్షణానికోసారి అద్దంలోకి చూసింది. రెండు దీపాలు. ప్రతి గుంతకూ ముందే చెప్పింది. మోరీ గోడ పక్కనించి పోయింది గానీ ఆగలేదు. యాభై రెండేళ్ళ వయసులో, మొదటిసారి, తానే బండి తోలుతూ ధర్మవరంలోకి వచ్చింది. ఆటోల మధ్య, స్కూటర్ల మధ్య దోవ చేసుకుంటూ పోతున్నప్పుడు ఆమెవైపు ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదనీ బెణికిందనీ చెప్పాడు. కట్టు కట్టించుకుని బయటికొచ్చేసరికి పన్నెండు దాటింది. అందరి ముఖాలూ తేటపడ్డాయి. వీరేష్ నాలుగు కొబ్బరిబొండాలు కొట్టించాడు. మొదటిది సుమతికే ఇచ్చాడు.

"కోపంలో అంటినక్కా."

"అనకపోతే నాకు బుద్ధి రాదు," అంది సుమతి.

"తిమ్మప్ప ఇల్లు చూపిస్తానంటివి కదా," అని గుర్తుచేసింది యమున. "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?"

వీధి గుర్తుపట్టడం కష్టమైంది. పాత మట్టిమిద్దెల స్థానంలో మేడలు లేచాయి. చాలా ఇళ్ళలోంచి కరెంటు మగ్గాల మోత వస్తోంది. ఒక్క ఇంట్లో మాత్రం చేతిమగ్గం చప్పుడు ఆగి ఆగి వినిపించింది. సుమతి ఆ వాకిట్లో నిలబడి పిలిస్తే, మగ్గం మీదనించి ఒకామె లేచి వచ్చింది. నెరిసిన జుట్టు, వేళ్ళకు ఎర్రరంగు. తిమ్మప్ప కూతురు నీలావతి. చిన్నప్పుడు వీళ్ళిద్దరూ ఆ అరుగు మీద గచ్చకాయలాడేవాళ్ళు.

నీలావతి కళ్ళు చికిలించి చూసి, "పాండురంగయ్య కూతురివి గదూ," అంది. బయట ఉన్న బండి చూసి నవ్వింది. "ఇంగా విడిచిపెట్టలేదా నువ్వు?"

"ఏది?"

"బండి. మీ నాయన ఈడ కూర్చోని ప్రతి తూరీ అదే చెప్తాండె. 'తిమ్మప్పా, ఈ పొద్దు గూడ నా కూతురే తోలింది, నేను ఎనక కూర్చోని కునుకు తీస్తి' అని. మా నాయనకు ఇని ఇని చెవులు నొచ్చేవి."

"నాయన చెప్పినాడా?" అంది సుమతి. "ఆయనకు నామోషీ అనుకుంటి నేను... మోరీ కాడ నన్ను దింపేసేవాడు నీలా. ఊర్లో నేను తోలేది ఎవురూ చూడకూడదని."

"అది మీ పెదనాయనకు భయపడి. ఆయనకు ఈ ఊర్లో తెలిసినోళ్ళు ఎక్కువ కదా. ఎవురన్నా చూసి చెప్తే నిన్ను మళ్ళా బండి ముట్టనీరని. మాతో గూడ చెప్పినాడు, హిందూపురమోళ్ళెవరొచ్చినా ఈ మాట ఎత్తద్దండని."

"నాతో ఒక్క మాటన్నా అనలేదే."

"అంటే ఇంగా జోరుగా తోలుతావని భయమంట," అంది నీలావతి.

యమున పక్కుమంది. వీరేష్ నవ్వాపుకోవడానికి మూతి తుడుచుకున్నాడు. ప్రేమ్ తన కట్టు కాలు చూసుకుంటూ, "ఆయన భయం సరైందే మేడమ్," అన్నాడు. అందరికంటే ఎక్కువగా సుమతే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చున్నీతో కళ్ళొత్తుకుంది. ఎన్నో ఏళ్ళుగా నాయన మీద మోసిన చిన్న కినుక ఒకటి ఆ అరుగు మీద దిగిపోయింది.

నీలావతి అన్నం తినకుండా పోనివ్వలేదు. మగ్గం మీద సగం నేసిన చీరను చూపించింది. చిలకాకుపచ్చకు ఎర్ర అంచు. యమున ఆ అంచును వేలితో ముట్టి చాలాసేపు చూసింది.

పోయేటప్పుడు ప్రేమ్‌ను రైలెక్కించాలని సుమతి అనుకుంది. అతను ఒప్పుకోలేదు. "నలుగురం వచ్చినాం, నలుగురం పోదామక్కా," అన్నాడు. పొద్దుటినుంచి మేడమ్ అంటున్నవాడు అక్కా అనడం అప్పుడే. ఎండ తగ్గాక బయలుదేరి, దొడ్డమ్మ ఇంటి దగ్గర ఒకసారి ఆగి, మెల్లగా హిందూపురం చేరేసరికి దీపాలు పెట్టారు. ప్రేమ్‌ను ఇంటి గుమ్మం దాకా దింపి, అతని భార్యకు జరిగిందంతా సుమతే చెప్పింది. ఆమె కట్టునూ, సుమతినీ మార్చి మార్చి చూసి, లోపలికి రమ్మని కాఫీ ఇచ్చింది.

మరుసటి ఆదివారం వీరేష్ కొత్త లివరు తీసుకుని బస్సులో పోయి బిగించి, ప్రేమ్ బండిని నడుపుకుంటూ తెచ్చి ఇచ్చాడు. ప్రేమ్ కాలు నయం కావడానికి మూడు వారాలు పట్టింది. సంక్రాంతి దాటాక నలుగురూ మళ్ళీ బయలుదేరారు, ఈసారి రొద్దానికి, వీరేష్ చేను చూడటానికి. ముందు యమున ఉంది. సుమతి కడపటి బండి తనకు కావాలని అడిగి తీసుకుంది. అక్కడినుంచి ముగ్గురి వీపులూ కనిపిస్తున్నాయి. ఒక మలుపు దగ్గర ప్రేమ్ వేగం తగ్గించి తల తిప్పి చూశాడు. వస్తున్నానని సుమతి చేయెత్తింది.