బొటనవేలి మీద పులిపిరి

చిన్నోడికి యాభై దాటాయి, జుట్టు సగం నెరిసింది. అయినా సెలూన్‌కి వచ్చేవాళ్లందరికీ అతను చిన్నోడే. పెద్దాయన అంటే వాళ్ల నాన్న. కత్తి పట్టడం నేర్పింది ఆయనే. ఎడమ బొటనవేలితో చెంపను పైకి లాగి పట్టాలి, పనితనమంతా అక్కడే ఉంది అనేవాడు.

సరిగ్గా ఆ బొటనవేలి మీదే చిన్నోడికి పులిపిరి లేచింది. డాక్టరుకు చూపించమని పెళ్లాం పోరుపెడితే, "పోనీలేవే, అదేమన్నా అన్నమడుగుతోందా?" అనేవాడు. విసుగు పుట్టినప్పుడు తన కత్తితోనే పైపైన చెక్కేసేవాడు. అది మొండి ఘటం, మళ్లీ లేచేది.

పెద్దాయనకు చూపు పోయింది. ఆపైన పక్షవాతమొచ్చి మంచాన పడ్డాడు, గొంతులు కూడా పోల్చుకోలేకపోయేవాడు. రోజూ సెలూన్ తెరిచే ముందు చిన్నోడు ఆయనకు గడ్డం గీసేవాడు. కోడలు అన్నం పెట్టినా, మనవరాలు పలకరించినా ఎవరని అడిగే మనిషి, ఆ గరుకు వేలు చెంపకు ఆనగానే మాత్రం, "వచ్చావురా చిన్నోడా!" అనేవాడు. ఆ ఒక్క పిలుపుతో చిన్నోడికి కడుపు నిండిపోయేదంటే నమ్మండి.

అలాంటి పెద్దాయన దవడ మీద పులిపిర్లు మొలిచాయి. ముందు ఒకటి, తర్వాత కత్తి నడిచిన దారి పొడుగునా వరసగా. గీస్తే తెగి నెత్తురు కారేది. పనిచేసే ఒక్క చేత్తో ఆయన గోక్కునేవాడు, దిండంతా మరకలు.

ఇంటికొచ్చిన డాక్టరమ్మ పెద్దాయన మొహం చూసి, "ముందు నీ చెయ్యి చూపించు" అంది చిన్నోడితో. చూసి నిట్టూర్చింది.

"ఇది వైరస్ అయ్యా. నీ వేలి నుంచే ఆయనకు అంటింది. కత్తి గాట్లలోంచి చర్మంలోకి దిగింది, గీసినప్పుడల్లా పక్కకు పాకింది."

"ఎప్పటికప్పుడు చెక్కేస్తూనే ఉన్నా కదమ్మా!"

"నువ్వు చెక్కేది పైనున్న బుడిపెని. చుట్టూ మామూలుగా కనబడే చర్మంలో అది దాక్కునే ఉంటుంది. నేను మాడ్చినా మళ్లీ రావచ్చు. ఆయన ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి లేదు. ఇక కత్తి పెట్టకు. గ్లౌజు లేకుండా ఆ మొహం ముట్టుకోకు."

చిన్నోడికి తల కొట్టేసినట్టయింది. నాన్న నేర్పిన పట్టుతోనే నాన్న మొహం పాడుచేశాడు.

వేలి మీది పులిపిరిని డాక్టరమ్మ చేత మాడ్పించుకున్నాడు. గ్లౌజు తొడుక్కుని, మిషన్‌తో గడ్డం పైపైన తీయబోయాడు. పెద్దాయన మొహం తిప్పేసుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"నేనే నాన్నా, చిన్నోణ్ణి."

"వేషాలొద్దు. మావాడి వేలు నాకు తెలీదూ? వాణ్ణి పిలు."

ఎంత బతిమాలినా అంతే. గడ్డం మాసిపోయింది. అన్నం సగంలోనే వద్దనేవాడు. ఒకరోజు కోడల్ని, "మావాడు నా మీద అలిగాడా అమ్మా?" అని అడిగాడు. ఆ మాట విన్న చిన్నోడు వంటింట్లోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కొన్నాళ్లకు, వేలి మీద మానిన మచ్చ అంచున ఏదో గరుగ్గా తగిలింది. వెలుతురులోకి వెళ్లి చూసుకున్నాడు. మళ్లీ వచ్చింది మహాతల్లి! దీని దుంప తెగ అని తిట్టాడు గానీ, లోపల సంతోషం పొంగుకొచ్చింది. ఆ సంతోషానికి సిగ్గుతో చచ్చిపోయాడు కూడా.

నాన్న మంచం పక్కన కూర్చుని గ్లౌజు తీశాడు. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. పుండు లేని, గాటు లేని చోటు వెతికి, కంటి కింద ఎముక మీద బొటనవేలు మెల్లగా ఆనించాడు.

"వచ్చావురా చిన్నోడా!"

"వచ్చా నాన్నా."

"ఎక్కడికి పోయావురా ఇన్నాళ్లూ? ఎవడో వచ్చి గీస్తానన్నాడు. నేను చెయ్యి వెయ్యనిస్తానా?" అంటూ పెద్దాయన గడ్డం పైకెత్తాడు. "కానియ్, గియ్యి."

చిన్నోడు కత్తి తియ్యలేదు. దువ్వెన తిరగేసి, దాని వీపుతో ఆ మాసిన గడ్డం మీద, పులిపిర్లకు తగలకుండా, పై నుంచి కిందికి నెమ్మదిగా గీశాడు.

"నున్నగా వచ్చిందా?"

"అద్దంలా ఉంది నాన్నా" అన్నాడు చిన్నోడు.