ఏసుబాబు లారీ పొగగొట్టాలు

ఏసుబాబుది మాడుగులపల్లి. కోదాడలో ఒక పాత ట్రైలర్ లారీ కొన్నాడు. దాని క్యాబిన్ వెనక రెండు పొగగొట్టాలు ఎద్దు కొమ్ముల్లా పైకి లేచి ఉండేవి. వాటి వెనకే వరిగడ్డి లోడు. ఎప్పుడు ఏ నిప్పురవ్వ ఎగిరి పడుతుందోనని పోయిన పంటకు భయం భయంగానే తోలాడు. ఈసారి గొట్టాలు కిందికి మార్చమని సూర్యాపేటలో నా షెడ్డుకు తెచ్చాడు. ముప్పై ఏళ్లుగా సైలెన్సర్లు అతుకుతున్నవాణ్ణి, నాకిదొక లెక్కా?

"మేస్త్రీ, కోదాడల ఒకాయనను అడిగితే గడ్డి లోడుతోని రా, కొలుసుకుంట, దింపినంక వెల్డింగ్ చేస్త అన్నడు," అన్నాడు ఏసుబాబు.

నాకు ఒళ్లు మండింది. "ఒక్క గొట్టానికి గడ్డి ఎత్తుడు, దించుడా? పని రానోడు చెప్పే మాటలు గవి. నాకు ఖాళీ బండి చాలు. నమ్మకం లేకుంటే గాయన దగ్గర్కే పో."

ఏసుబాబు బండి తాళం నా చేతిలో పెట్టాడు. రెండు రోజులు పని చేశాను. పైన గొట్టాలు కోసేసి, రెంటినీ కింద ఒకటిగా కలిపి కుడిపక్కకు తెచ్చాను. పొగ టైరుకు కొట్టకూడదని గొట్టం మూతిని బాడీ అంచు కంటే రెండు వేళ్లు బయటికి పెట్టాను. బండి స్టార్ట్ చేస్తే ఎక్కడా అదురు లేదు. మూడో రోజు పొద్దున ఏసుబాబు దండం పెట్టి, హాలియా వైపు లోడుందని వెళ్లిపోయాడు. నా పని చూసి నాకే ముచ్చటేసింది.

ఆ మధ్యాహ్నం హైవే పక్కన చాయ్ తాగుతుంటే ఒక గడ్డి లారీ పోయింది. బాడీ దాటి అటు గజం, ఇటు గజం గడ్డి. కొసలు టైర్ల సగం దాకా వేలాడుతున్నాయి. పంట కోతలప్పుడు మా వైపు రోడ్డు నిండా ఇవే బండ్లు, వేలసార్లు చూశాను. అయినా గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. నేను పెట్టిన మూతి సరిగ్గా ఆ గడ్డిలోనే ఉంటుంది. నేను ఇనుమును కొలిచాను గానీ గడ్డిని కొలవలేదు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. లోడెక్కించేటప్పుడు ఫోన్ ఎవరికి వినపడుతుంది? నా బైకు తీశాను. దారిలో ముందు ఆ కోదాడ మనిషిని తిట్టుకున్నాను. తర్వాత, నేను కసురుకుంటే నోరు మూసుకున్నందుకు ఏసుబాబును. మిర్యాలగూడ దాటాక తిట్టడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

హాలియా రోడ్డులో దొరికాడు. లోడు నిండింది, తాళ్లు బిగించారు, ఇంజన్ నడుస్తోంది, పొలంలోంచి రోడ్డెక్కబోతున్నాడు. కుడిపక్క పొగ గడ్డిలోంచే వస్తోంది.

"బంజెయ్! ఇంజన్ బంజెయ్!" గొంతు చిరిగేలా అరిచాను.

ఆపి కిందికి దూకాడు. గొట్టం దగ్గరి గడ్డిని గుంజి చూపించాను. కొసలు కమిలి గోధుమరంగుకు తిరిగాయి. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే అంటుకునేది.

"తప్పు నాదే ఏసూ. ఖాళీ బండికి కొలిసిన," అన్నాను. ముప్పై ఏళ్లలో ఈ మాట నా నోట రాలేదు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా. అతను నా వైపు చూడనే లేదు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా లోడు పైకి చూస్తున్నాడు.

"మరియమ్మా, జర మెల్లగ దిగు," అని పిలిచాడు.

ఇంటి ఎత్తున్న గడ్డి మీద నుంచి అతని భార్య తల పైకి లేచింది. "ఏమైందయ్యా? మేస్త్రన్న వచ్చిండా?" అంది నవ్వుతూ.



"గొట్టాలు పైనున్నన్ని దినాలు ఆమెను లోడు మీద ఎక్కనియ్యలే మేస్త్రీ," అన్నాడు ఏసుబాబు. "మీరు కిందికి దించినరని ఇయ్యాల్నే ఎక్కించిన."