ఎడుర్నే నవ్వితే కురిసే మంచు

ఇలోయిలో రేవుపట్నంలో అరియెటా వాళ్లింట్లో ఐసు కొనే అలవాటు లేదు. స్పెయిన్ కొండల నుంచి కోడలుగా వచ్చిన ఎడుర్నే పకపకా నవ్విందంటే చాలు, వంటింట్లో మంచు కురిసేది. పనివాళ్లు గిన్నెలు పట్టేవాళ్లు. వీధి పిల్లలు దాంట్లో పాలూ పంచదారా కలుపుకుని తినేవాళ్లు. భర్త పోయాక ఆవిడ నవ్వడం మానేసింది. వంటిల్లు కుంపటిలా ఉడికిపోతోంది.

తుఫానుకి కరెంటు పోయి రేవులో ఐసు ఫ్యాక్టరీ ఆగిపోయిన రోజున, మనవరాలు నేకానె ఒక జాలరి కుర్రాణ్ణి చేపల బుట్టలతో సహా వంటింటి పెరటి గుమ్మంలోకి లాక్కొచ్చింది. అతని పేరు రోడెల్. మేనమామ పడవ చేతికిచ్చాక తెచ్చిన మొదటి వేట అది. ఇది కుళ్లిపోతే పడవ తిరిగిచ్చేసి మనీలాకి కూలికి పోవాల్సిందే.

"లోలా, నేను చేసుకుంటానన్నది ఇతన్నే" అంది నేకానె. అక్కడ అవ్వని లోలా అంటారు.

ఎడుర్నే ముక్కు మూసుకుంది. ఆ ఊరొచ్చి యాభై ఏళ్లైనా స్పానిష్ తప్ప ఇంకో భాష ముట్టుకోని మనిషి. "కంపు సంగతి తర్వాత. ఏం అబ్బీ, నా మనవరాల్ని కళ్లలో పెట్టుకు చూసుకుంటావా?"

రోడెల్‌ది సంబోవాంగా ఊరు. అక్కడి మాటల్లో సగం స్పానిష్ పదాలే కాబట్టి ప్రశ్న అర్థమైంది. కంగారులో "సెగూరో" అనేశాడు.

ముసలావిడ మొహం విప్పారింది. "తప్పకుండానట! మాటకి తడబాటు లేదు."

నేకానె అతని వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇంకెన్నాళ్లు దాస్తాం లోలా! మీ దేశంలో సెగూరో అంటే 'తప్పకుండా'. ఇక్కడ 'ఏమో, చూద్దాం'!"

వంటింట్లో పనివాళ్లందరూ తలలు దించుకున్నారు.

"అయితే... కప్పు బాగుచేయడానికి రేపొస్తావా అంటే వడ్రంగి అన్నది?"

"ఏమో చూద్దామనే."

"దర్జీ?"

"వాడూ అంతే."

"మీ తాత? పేకాట మానేస్తావా అని రోజూ అడిగేదాన్ని. ఆయనా అదే మాట అనేవాడు!"

"తాతకి రెండు భాషలూ వచ్చు కదా లోలా."

ఎడుర్నే "ఓరి దొంగ సచ్చినోడా!" అని పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వింది.

"బుట్టలు! బుట్టలు లోపలికి!" అరిచింది నేకానె. పొయ్యి మీదా, బల్ల మీదా, రోడెల్ కనుబొమ్మల మీదా మంచు ధారగా పడింది. బుట్టలు అంచుల దాకా నిండాయి. ఆ రోజు బజారు మొత్తంలో తాజా చేప రోడెల్ దగ్గరే దొరికింది. పడవ అతనిదే అయింది.

కానీ అతన్ని వెంటనే బజారుకి పోనివ్వలేదు ఎడుర్నే. శాలువా మీద మంచు దులుపుకుంటూ నూనె సీసా అందుకుంది.

"పెద్ద చేప ఒకటి ఇటు తే. అల్లుణ్ణి ఖాళీ కడుపుతో పంపే ఇల్లటే ఇది?"