ఎండిన మూత

మందుల షాపు ఆయన్ని వీధిలో అందరూ ‘సగం డాక్టరు’ అనేవారు. తలనొప్పి అని వచ్చిన మనిషి చేత కూడా నాలుక చాపించి చూస్తేగానీ మాత్ర ఇచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి కోడలు, పన్నెండు రోజుల ఆఫీసు శిక్షణకు వెళ్తూ, ఒక ప్లాస్టిక్ డబ్బా అప్పజెప్పింది. అందులో ఆమె పెంచుకుంటున్న టరాంటులా, అంటే పెద్దజాతి సాలీడు, ఉంది. అదింకా పిల్లే. కాళ్ళన్నీ చాపినా బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, అంతే.

“తిండి నేను తిరిగొచ్చాక పెడతాను మావయ్యగారూ, అన్నాళ్ళూ ఆగగలదు. మీరు మాత్రం డబ్బాలో పెట్టిన ఈ సీసా మూతలో నీళ్ళు ఎండనివ్వకండి. ఎప్పుడైనా వెల్లకిలా పడుకుంటే కంగారుపడకండి, కుబుసం విడుస్తోందన్నమాట. ముట్టుకోకండి.”

“నాకు చెప్పాలా అమ్మాయ్? ఊళ్ళో మనుషుల్నే చూసుకుంటున్నాను,” అన్నాడాయన.

రెండు రోజులు పోశాడు. మూడో రోజు షాపులో సరుకు దిగింది. తర్వాత మరుపు, ఆ తర్వాత బద్ధకం. గోడమీద సాలీళ్ళకు ఎవడు నీళ్ళు పెడుతున్నాడులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సాయంత్రం కోడలు ఫోన్ చేసినప్పుడు మాత్రం, “పోశానమ్మా, భేషుగ్గా ఉంది,” అని నోరు తడబడకుండా చెప్పేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున భార్య పిలిచింది. “ఏవండీ, ఇదేంటి ఇలా అయిపోయింది?”

కాళ్ళన్నీ ఒంటి కిందికి ముడుచుకుని, మూసిన పిడికిలిలా ఉంది సాలీడు. పొట్ట ఎండుద్రాక్షలా ముడతలు పడింది.

“కుబుసం విడుస్తోందిలే. ముట్టుకోకు,” అన్నాడు. అన్నాడే గాని, అది వెల్లకిలా లేదు. ఆ సంగతి కళ్ళకు కనిపిస్తూనే ఉంది. షాపుకు వెళ్ళాడు గాని మనసు పనిమీద లేదు. మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, కోడలికి ఫోన్ చేశాడు.

“ఫోటో పెట్టండి మావయ్యగారూ.”

పెట్టాడు. 

“నీళ్ళు ఎప్పుడు పోశారు?”

“పొద్దున్నే,” అన్నాడు. ఆ మాట గొంతు దాటాక గాని డబ్బాలో మూతకేసి చూడలేదు. అడుగున దుమ్ము, తెల్లటి చార. ఫోటోలో అదంతా స్పష్టంగా పడే ఉంటుంది. ఆయన చెవులు వేడెక్కాయి.

“సరే,” అందామె. “ఇప్పుడు మళ్ళీ పోయండి. మెత్తటి కుంచెతో దాన్ని జరిపి, నోరు మాత్రం నీళ్ళకు తగిలేలా మూత అంచున పెట్టండి. పొట్ట మునగకూడదు, ఊపిరి రంధ్రాలు అక్కడే ఉంటాయి. ఆ తర్వాత కదిలించకండి.”

ఆయన మూత నిండా నీళ్ళు పోశాడు. సాలీడును కుంచెతో జరిపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంట గడిచింది. రెండో గంటలో ముందుకాలు ఒకటి వెంట్రుకవాసి విప్పుకుంది. సాయంత్రానికి నాలుగు కాళ్ళు. మర్నాటికి పొట్ట కాస్త నిండి, మూలకు నడిచి వెళ్ళింది. ఆ సాయంత్రం గాని, మర్నాడు గాని ఆయన షాపు తెరవలేదు.

కోడలు వచ్చిన రోజు అందరూ భోజనానికి కూర్చున్నారు.

“మావయ్యగారే బతికించారు దాన్ని,” అంది కోడలు అత్తగారితో. “చెప్పింది చెప్పినట్టు చేశారు.”

“ఎంతైనా సగం డాక్టరు కదా!” అని భార్య నవ్వింది. కొడుకూ నవ్వాడు.

ఆయన కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. తిట్టినా తట్టుకునేవాడు. ఈ మెప్పును మింగడం ఆయన వల్ల కాలేదు.

“నేను నీళ్ళు పోయలేదమ్మాయ్. ఆరు రోజులు చుక్క పోయలేదు. రోజూ నీకు అబద్ధం చెప్పాను.”

 కోడలు తల దించుకుంది, తప్పు తనదైనట్టు.

“తెలుసు మావయ్యగారూ. ఫోటోలో మూత చూశాను.”

“మరి అప్పుడే అనలేదేం?”

“అంటే మీరు సంజాయిషీ చెప్పుకునేవారు. సాలీడుకు అంత టైం లేదు.”

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. తినకుండా లేచారేమని ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడమే ఆయన్ని పెరట్లోకి తరిమింది.